కలలో లాగిన వల

ఆర్యపల్లిలో ఆ ఉదయం ఎండ బాగా కాసింది. వాకిట్లో నెత్తళ్ళు ఆరబోస్తూ జగ్గమ్మ చెయ్యెత్తగానే, మోచేతి పైన కమిలిన మచ్చ కూతురు పుణ్యవతి కంటపడింది. చమఖండిలోని అత్తవారింటి నుంచి ఆమె వచ్చి నాలుగు రోజులైంది. మొన్న తల్లి చెంప వాచి ఉంటే తలుపు తగిలిందంటే నమ్మింది.

"ఇదీ తలుపేనా అమ్మా?"

"పడవ అంచు తగిలిందే."

"పడవ అమ్మేసి ఏడాదైపోనాది!"

జగ్గమ్మ తలొంచుకుని, సర్దిన చేపలనే మళ్ళీ సర్దింది.

అరుగు మీద తండ్రి కూర్మయ్య టీ తాగుతున్నాడు. ఈ మధ్య వేళ్ళు వణుకుతుంటే గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. పుణ్యవతి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అయ్యా, ఈ వయసులో అమ్మని కొడతన్నావేటి?"

"నానా? నలభయ్యేళ్ళలో ఒక్కపాలైనా సెయ్యెత్తానేటే?"

"మరి ఈ దెబ్బలేటి? సూడు! అమ్మని నాతో తీసుకెళ్ళిపోతాను."

కూర్మయ్య భార్య చెయ్యి పట్టుకుని చూశాడు. మచ్చలో నాలుగు వేళ్ళ గుర్తులు విడివిడిగా ఉన్నాయి. వాటి మీద తన వేళ్ళు పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి. లోపలికి వెళ్ళి, జగ్గమ్మ చీరలు సంచిలో పెట్టి తెచ్చాడు.

"ఎల్లు, కూతురి కాడుండు. నాకేటీ గేపకం లేదు గానీ, సెయ్యి నాదే."

జగ్గమ్మ సంచి లాక్కుంది. "సాల్లే, సంబడం! ఓలమ్మా, మీ అయ్య నిద్దట్లో వల లాగుతాడే. 'ఒదలకండ్రా, లాగండి' అని గొణుగుతాడు. పక్కనున్న నా సెయ్యే తాడనుకుంటాడు. మొన్న ఆ లాగుడులోనే మోసెయ్యి నా సెంపకి తగిలింది. తెల్లారితే ఏటీ తెలీదు. సెబితే సిగ్గుతో సచ్చిపోతాడని దాచాను."

ఆ రోజే ముగ్గురూ బరంపురం బస్సెక్కారు. డాక్టరు కూర్మయ్యను నడిపించి, వేళ్ళు చూసి, నెమ్మదిగా చెప్పాడు. కల వచ్చేటప్పుడు ఒళ్ళు కదలకుండా మెదడే ఆపి ఉంచుతుందట. ఈ వణుకుడు జబ్బులో ఆ పట్టు సడలి, కలలో చేసే పని చేతులు నిజంగానే చేసేస్తాయట. మందు రాసి, పక్కలు విడిగా వేసుకోమన్నాడు.

బయటికొచ్చాక పుణ్యవతి తండ్రి చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోనాది అయ్యా."

"నువ్వడక్కపోతే దీని సెయ్యి ఇరిచేసేవోణ్ణే."

పదిహేను రోజుల తర్వాత పుణ్యవతి మళ్ళీ వచ్చేసరికి, గదిలో ఆ గోడకొక చాప, ఈ గోడకొక చాప ఉన్నాయి. అరుగు మీద జగ్గమ్మ మొగుడికి టీ ఇస్తోంది.

"రేతిరి వలలో ఏటైనా పడ్డాదా మావా?"

"ఏటి పడతాది? తాడు ఆ గోడవార తొంగుంటే!"

జగ్గమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే, వణికే గ్లాసు కింద తన అరచెయ్యి పెట్టింది. ఆ చేతి మీద మచ్చ దాదాపు మాసిపోయింది. పుణ్యవతి కొంగుతో కళ్ళు తుడుచుకుని, తనకూ ఒక గ్లాసు తెచ్చుకుంది.