ఎర్ర పిడికి మూడు చుట్లు

భోజనాల బల్లని విమానం ఆక్రమించి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచి వదినా మరిదీ వంటగట్టు దగ్గర నిలబడే తింటున్నారు. ఆవిడకి అందులో కష్టమేమీ అనిపించలేదు. పదకొండేళ్లుగా ఖాళీగా ఉన్న కుర్చీకి ఎదురుగా కూర్చుని తినడం కన్నా నిలబడి తినడమే నయం.

బొమ్మ విమానమే, మూరెడు కూడా ఉండదు. పంటల మీద మందు చల్లే రకం, ఒక్క మనిషి కూర్చునేది. ఆవిడ భర్త నడిపింది అలాంటిదే. ఆయన్ని తీసుకుపోయిందీ అలాంటిదే. దుకాణంలో దొరికే పెట్టెలో ముక్కలన్నీ ఉంటాయి, అతికించుకుంటే అయిపోతుంది. కానీ మరిది సంగతి వేరు. ఆ అసలు విమానానికి మెకానిక్‌గా పనిచేసిన చేతులాయె. పెట్టె విప్పిన రోజే మూతి విరిచాడు.

"సీటు చూడు వదినా, పీటలాగుంది. అన్నయ్య దీంట్లో కూర్చుంటే నడుము పట్టేసేది."

అక్కణ్నుంచి అంతా సొంత తయారీ. ఆవిడ మింగే బీపీ మాత్రల అట్ట వెనక రేకు సీటు బెల్టులైంది. ముక్కలు విరిచేశాక మిగిలిన ప్లాస్టిక్ పుల్లని కొవ్వొత్తి సెగకి పెట్టి, మెత్తబడగానే రెండు చేతులా లాగితే వెంట్రుకంత దారం సాగేది. పైపులూ తీగలూ దాంతోనే. ఆవగింజంత మీటర్ల మీద ఒక్కో చుక్క జిగురేసి అద్దం మెరుపు తెప్పించాడు. భూతద్దం పట్టుకోవడం ఆవిడ వంతు.

"సీటు మీద అద్దం మూత పడ్డాక ఇవన్నీ ఎవడికి కనిపిస్తాయయ్యా?" అనేది ఆవిడ.

"ఎవడికీ కనిపించవు. లోపల సరిగ్గా లేదని నాకు తెలిస్తే మాత్రం నిద్రపట్టదు."

"ఇందులో సగం శ్రద్ధ పెళ్లి మీద పెట్టుంటే ఈపాటికి నీకు మనవలుండేవాళ్లు."

"పెళ్లికూతుర్ని కూడా పుల్ల సాగదీసి చేసుకుంటాలే, నువ్వు భూతద్దం పట్టుకో."

అన్న పోయిన నెలకే బట్టల పెట్టె పట్టుకుని వచ్చి ఆ ఇంటికి మగదిక్కయ్యాడు మరిది. ఆవిడ్ని ఒక్కనాడు పల్లెత్తు మాట అనలేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆవిడ ఇన్నాళ్లు బతికింది అతను చెప్పిన ఒక్క మాట మీదే. "నేలని తాకగానే ప్రాణం పోయింది వదినా. మంట లేచింది ఆ తర్వాతే. అన్నయ్యకి ఏమీ తెలియలేదు."

రోజూ తెల్లారకముందే లేచి, దేవుడి ముందు చేతులు జోడించి ఆవిడ చెప్పుకునేది అదే. నొప్పి తెలియకుండా రెప్పపాటులో తీసుకెళ్లావు స్వామీ, నాకు అది చాలు. ఇంకేమీ అడిగేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం పని ఆఖరికొచ్చింది. మర్నాడు ఉదయం ఆయన పనిచేసిన విమానాల మైదానం ఆఫీసువాళ్లు వచ్చి దాన్ని తీసుకెళ్లి, గోడకున్న ఆయన ఫొటో కింద గాజు పెట్టెలో పెడతారు. మిగిలింది అద్దం మూత ఒక్కటే. బయట మబ్బు పట్టి గదిలో వెలుతురు బూడిద రంగుకి తిరిగింది. కిటికీ రెక్కలు మూసినా తడిమట్టి వాసన లోపలికొచ్చి రంగు డబ్బాల వాసనతో కలిసిపోయింది.

"ఒక్కసారి చూసుకోనివ్వు. మళ్లీ ఈ సీటు కనపడదుగా," అని ఆవిడ భూతద్దం మీదికి వంగింది.

సీటు. బెల్టులు. ఆయన పాదాలుండే చోటు. కుడిచేతి వైపు, బియ్యపుగింజలో సగం కూడా లేని ఎర్ర పిడి.

ఆ పిడి ఆవిడకి తెలుసు. పెళ్లైన కొత్తలో ఒకసారి ఆయన ఆవిడ్ని ఎక్కించి చూపించాడు. ఇది లాగితే మూత ఎగిరిపోతుంది, ఊరికే చెయ్యి తగిలి ఊడిపోకుండా ఈ సన్నటి రాగి తీగ ఒక్క చుట్టు, ప్రాణం మీదికొచ్చిన రోజున నీ చిటికెన వేలితో లాగినా పుటుక్కున తెగుతుంది అన్నాడు.

ఇక్కడ తీగ రాగి రంగులో లేదు. వెండిలా మెరుస్తోంది. లావుగా ఉంది. ఒకటి కాదు... మూడు చుట్లు.

"చిన్నోడా," అంది ఆవిడ. అన్న పిలిచే పిలుపే ఆవిడకీ అలవాటు. "రాగి తీగ కదా ఉండాలి?"

మరిది పట్టకారు కింద పెట్టాడు. "అసలు దాంట్లో ఇలాగే ఉండేది వదినా."

"ఎక్కడ చూశావు?"

"ఫొటోలో."

"ఫొటోలన్నిట్లో మూత వేసే ఉంది. లోపల కనపడదు. మిగిలిందంతా కాలి కరిగిపోయింది, పిడి కూడా దొరకలేదని నువ్వే కదా చెప్పావు?"

అతను మూత అందుకున్నాడు. ఎనిమిది నెలలుగా ఆవిడ్ని సూపర్ గ్లూ సీసా ఆ అద్దం దరిదాపులకి తేనిచ్చేవాడు కాదు. దాని ఆవిరికి అద్దం లోపల తెల్లటి పొగ పట్టేస్తుందని, మూత కోసం విడిగా తెల్ల జిగురు తెచ్చి పెట్టుకున్నాడు. ఇప్పుడు చెయ్యి తిన్నగా సూపర్ గ్లూ మీదికే పోయింది. గబగబా అంచుల వెంట పోసి, మూత పెట్టి, బొటనవేలితో చూపుడువేలితో అదిమిపెట్టాడు.

"అయిపోయింది," అన్నాడు. "ఇంక చూడ్డానికేం లేదు."

అద్దం లోపల తెల్లగా పొగ అలుముకుంది. మొదట సీటు మాయమైంది. తర్వాత మీటర్లు.

"జిగురు ఆవిరిలే వదినా... తొందరపడ్డాను."

ఆ తెలుపులో సన్నగా ఒక గీత పడింది. పైనుంచి కిందికి. ఎవరో లోపల్నుంచి వేలితో తుడిచినట్టు. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి...

టక్.

ఆవిడ కిటికీ వైపు చూసింది. చప్పుడు అటునుంచి కాదు.

టక్. టక్. టక్.

"చెయ్యి తియ్యి చిన్నోడా," అని గుసగుసగా అంది.

"రావట్లేదు..." రెండు వేళ్లూ అద్దం అంచుకి అతుక్కుపోయాయి. అతను నవ్వబోయాడు. "జిగురు పట్టేసింది అంతే. కాస్త గోరువెచ్చటి నీళ్లు..."

మాట పూర్తి కాలేదు. చెయ్యి ఒక్కసారిగా కిందికి పోయింది. బల్ల కదల్లేదు. విమానం రెక్క కూడా అదరలేదు. మణికట్టు మాత్రం పుల్ల విరిగినట్టు పటుక్కున వెనక్కి మడతపడిపోయింది. అతను కెవ్వున అరిచాడు. బొటనవేలి గోరు మొదలుతో సహా లేచి వచ్చింది. రక్తం తెల్లటి రెక్క మీద, ఎనిమిది నెలలు రాసిన రంగు మీద జారింది.

తర్వాత తల. ఎవరో జుట్టు పట్టి వంచినట్టు అతని నుదురు బల్లకేసి కొట్టుకుంది. ఒకసారి. లేచింది. మళ్లీ. ముక్కు పగిలిన చప్పుడు ఆవిడకి స్పష్టంగా వినిపించింది. మూడోసారికి పన్ను ఒకటి రంగు డబ్బాల మధ్యకి దొర్లింది.

గదిలో పెట్రోలు వాసన గుప్పుమంది. సెగ. ఎక్కడా నిప్పు లేదు. అయినా మరిది కనుబొమలు చుర్రుమని ముడుచుకుపోయాయి. మెడ మీద చర్మం బుడగలు లేస్తోంది. అతను కూర్చున్న కుర్చీ మీది గుడ్డకి మాత్రం మరక కూడా లేదు. రెండడుగుల దూరంలో నిలబడ్డ ఆవిడకి ఏమీ తగల్లేదు, ముఖం మీద వెచ్చటి ఊపిరి లాంటిది తప్ప.

"వదినా... సుత్తి... సుత్తి తీసుకో! ఆ మూత పగలగొట్టు... అన్నయ్యని బయటికి రానీ!"

చిన్న సుత్తి ఆవిడ చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. తీసుకుంది. ఎత్తింది. అద్దం లోపల చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఎదురు చూస్తున్నట్టు.

ఆవిడ ఎన్నడూ గొంతు పెంచి ఎరగదు. ఇప్పుడూ పెంచలేదు.

"ఆ తీగ ఎవరు కట్టారు?"

"వదినా, చచ్చిపోతున్నా..."

"చెప్పు."

"నేనే." నోటి నిండా రక్తంతో మాట బుడబుడలాడింది. "గాల్లో ఉండగా పిడి రెండుసార్లు ఊడొచ్చింది... అన్నయ్య తిట్టాడు. కొత్తది తెప్పించరా అన్నాడు. నాకు బద్ధకం. రాగి తీగ అయిపోయింది... ఉక్కు తీగ చేతిలో ఉంది. మూడు చుట్లు చుట్టేశాను. మళ్లీ మారుద్దాంలే అనుకున్నా."

"నేలని తాకగానే పోయాడన్నావు."

అతను ఆవిడ ముఖంలోకి చూసి, చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"పోయాడా?"

"లేదు."

"నువ్వెక్కడున్నావు?"

"పక్కనే. గొడ్డలి కూడా తెచ్చాను... మంట చూసి కాళ్లు రాలేదు వదినా. అన్నయ్య నన్ను చూశాడు. నన్ను చూస్తూనే... తట్టాడు."

"ఎంతసేపు?"

"వద్దు వదినా..."

"ఎంతసేపు తట్టాడు?"

"చాలాసేపు."

పదకొండేళ్లు. రోజూ తెల్లవారుజామున. ఆ చేతులు జోడించి ఆవిడ ఎవరికి, దేనికి కృతజ్ఞతలు చెప్పుకుంది?

ఆవిడ సుత్తిని ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. చప్పుడు కాకుండా. వెనక్కి తిరిగి నడిచింది. వెనకాల కుర్చీ పడింది. అతను ఎలాగో వేళ్ల మీది తోలు అద్దానికే వదిలేసి లేచి వస్తున్నాడు... "వదినా, తలుపు... తలుపు మాత్రం వెయ్యకు..."

ఆవిడ గడప దాటింది. తలుపు లాగింది. చేత్తో తడిమితే గడియ తగిలింది. వెచ్చగా ఉంది. ఆవిడ బలం పెట్టకముందే అది దానంతటదే జరిగినట్టనిపించింది.

అటువైపు నుంచి రెండు చేతులూ తలుపు మీద పడ్డాయి.

ఆవిడ వసారాలో గోడకి ఆనుకుని కూర్చుంది. వాన మొదలైంది. దణ్ణం పెట్టుకోబోయింది. రెప్పపాటులో తీసుకెళ్లావు స్వామీ... అక్కడికి వచ్చేసరికి నోరు తిరగలేదు. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. లోపల తట్టుడు మొదట గట్టిగా, తర్వాత అరచేత్తో, ఆ తర్వాత గోళ్లతో... చాలాసేపు. నిజంగానే చాలాసేపు.

అది ఆగాక కూడా వాన వెలిసేదాకా కదల్లేదు. అప్పుడు లేచి పోలీసులకి ఫోన్ చేసింది.

గదిలో ఒక్క కాగితం కూడా కాలలేదు. రంగు డబ్బాలు, స్పిరిట్ సీసా, కిటికీ గుడ్డలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తలుపు పక్కన కూర్చున్న భంగిమలో ఉన్న మనిషి మాత్రం బొగ్గైపోయాడు. ఆవిడ ఒక్క మాట దాచలేదు. బయట గడియ పెట్టింది నేనేనని రాసి సంతకం పెట్టింది.

మర్నాడు టేపు పట్టుకుని తలుపు కొలుస్తున్న పోలీసాయన ఆవిడ్ని మెల్లగా పిలిచాడు. తల్లి వయసున్న మనిషితో ఎలా చెప్పాలో తెలియనట్టు కాసేపు నసిగాడు.

"అమ్మా, బయట గడియ పెట్టానని రాశారు. దీనికి బయటవైపు గడియే లేదండీ."

ఆవిడ చూసింది. పాత రంగు, నున్నటి చెక్క. మేకు దిగిన గుర్తు కూడా లేదు. తాళం వేసే అలవాటు ఆ ఇంట్లో ఏ గదికీ ఎన్నడూ లేదని అప్పుడు గుర్తొచ్చింది.

"మరి తలుపు ఎవరు పట్టుకున్నట్టు? మీ ఒక్కరి బలానికి ఆగేది కాదు," అన్నాడాయన.

ఆవిడ కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. పైన నాలుగు, బొటనవేలి పక్కన ఒకటి. ఎర్రగా కమిలిన గుర్తులు. పెద్ద చెయ్యి ఒకటి తన చెయ్యిని గట్టిగా పట్టుకుంటే పడేలాంటివి.

కొంగుతో కప్పుకుంది. ఆ పట్టు ఇంకా వదల్లేదు.