పరదా మేస్త్రి భార్య

"ఆ కాగితాలు నా కళ్ళ ముందు పెట్టొద్దని చెప్పానా లేదా?" అంటూ మేస్త్రి తింటున్నవాడల్లా లేచి చెయ్యి కడిగేసుకున్నాడు.

పళ్ళెంలో సగం అన్నం అలాగే ఉండిపోయింది. భార్య కాగితాలు తీసి, తడి తగిలిన మూల తుడిచి, మళ్ళీ అలమరలో బట్టల కింద దాచింది. వారం రోజుల్లో ఇది మూడోసారి. మూడుసార్లూ ఆయన అన్నం మీదే కోపం చూపించాడు. మగవాళ్ళ కోపానికి అన్నమే ఎందుకు దొరుకుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంతకీ ఆ కాగితాల్లో ఉన్నది చావు కబురేమీ కాదు. కంపెనీవాళ్ళు కొత్త నియమం పెట్టారు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ప్లాస్టరింగు చేసే మేస్త్రులకి వృత్తి అర్హత సర్టిఫికెట్ లేకపోతే సైటు గేటు దాటనివ్వరు. దానికోసం బడికి పోనక్కర్లేదు, పుస్తకాలు బట్టీ పట్టనక్కర్లేదు. అసెసరు అనే ఆయన పనిచేసే చోటికే వస్తాడు. పని చేస్తుంటే పక్కన నిలబడి చూస్తాడు, అంతకుముందు పూసిన గోడలు చూస్తాడు, నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. "ఇరవయ్యారేళ్ళ అనుభవం ఉన్నవాడివి, నీకిది నల్లేరు మీద నడక మేస్త్రీ" అని సూపర్‌వైజరు భుజం తట్టి మరీ చెప్పాడు. ఆ తట్టిన భుజంలోనే ఉంది అసలు సంగతంతా. ఆయనకేం తెలుసు పాపం...

"చేతకాని వెధవలకి పెట్టుకోమను పరీక్షలు, నా కొడుక్కెందుకు?" అంది అత్తగారు మంచం మీద నుంచి. "వాడు గోడ పూస్తే అందులో చూసుకుని జడ వేసుకోవచ్చు. అయినా నువ్వెందుకే వాణ్ణి పీక్కు తింటావు? పగలంతా సైటులో కాపలా కాస్తూనే ఉంటావుగా. ఇంటికొచ్చాకైనా ఊపిరి పీల్చుకోనీ."

కాపలా... నాలుగేళ్ళుగా అదే మాట. మొగుడి మీద అనుమానంతో కోడలు అతని వెంటపడి తిరుగుతోందని అత్తగారు ఇరుగింటికీ పొరుగింటికీ చెప్పింది. వాళ్ళు నవ్వారు. కోడలు ఆ నవ్వులన్నీ విని, తల వంచుకుని, తట్టా పారా పట్టుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళింది. నోరు విప్పి ఒక్క మాట చెబితే చాలు, ఆ నోళ్ళన్నీ మూతపడేవి. కానీ ఆ ఒక్క మాటా బయటపడితే మొగుడి పరువు గంగలో కలుస్తుంది!

నాలుగేళ్ళ కిందట గోడ పూయడానికి ఎక్కిన బల్ల జారి మేస్త్రి కిందపడ్డాడు. విరిగిన కుడి భుజం అతుక్కుంది గానీ, ఆ చెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేవడం మానేసింది. చెయ్యి లేవని మేస్త్రిని పనికి ఎవరు పిలుస్తారు? అందుకే ఆయన భుజం బాగైపోయిందని తల్లితో సహా అందరికీ చెప్పి, ఒక ఉపాయం పన్నాడు. పూత మొదలుపెట్టే ముందు గది గుమ్మానికి పాత దుప్పటి కట్టేసేవాడు. "నా పనిలో కిటుకులు ఎవరూ చూడకూడదు" అనేవాడు మీసం దువ్వుకుంటూ. లోకం నమ్మింది. ఏదో రహస్యం ఉందనుకుని పరదా మేస్త్రి అని పేరు పెట్టి, గౌరవం ఇంకాస్త పెంచింది. ఆ పరదా వెనక బల్ల ఎక్కి తాపీ పట్టింది ఆమె. అంతకుముందు పదేళ్ళు, పని ఎక్కువున్న రోజుల్లో వెళ్ళి ఆయనకి సిమెంటు మాలు కలిపి అందించిన మనిషి. ఆయన చెయ్యి ఎక్కడ బరువు వేస్తుందో, ఎక్కడ తేలిపోతుందో చూసి చూసి నేర్చుకుంది. ఆమెది పుర్రచేతి వాటం కాబట్టి ఆయన కుడిచేత్తో చేసేదాన్ని ఎడమచేతికి మార్చుకుంది, అంతే తేడా. పని అయ్యాక పరదా తీస్తే జనం వచ్చి గోడ నిమిరి, "మేస్త్రి చెయ్యి పడితే చెయ్యే" అనేవారు. ఆమె మూల కూర్చుని తట్టలు కడుక్కునేది. బాధ లేదంటే అబద్ధం. ఉండేది. కానీ ఆ మాటలకి ఆయన మొహం వెలిగిపోవడం చూస్తే ఆ బాధ కాసేపు అణిగేది.

ఇప్పుడు అసెసరు వస్తే పరదా కట్టడం కుదరదు. అన్నం మీద కోపానికి కారణం అదీ!

ఆ ఆదివారం అత్తగారు పొరుగింటికి వెళ్ళిన సమయం చూసి ఆమె మెల్లగా కదిపింది.

"ఏమండీ... నిజం చెప్పేద్దాం."

"ఏమని చెప్పమంటావు? నాలుగేళ్ళుగా పెళ్ళాం పూసిన గోడలు నావని చెప్పుకు తిరిగానని చెప్పనా?"

"పడిపోయారు, దెబ్బ తగిలింది. అది తప్పా?"

"దెబ్బ తప్పు కాదు. మిగతాదంతా తప్పే." ఆయన కుడి భుజం నొక్కుకున్నాడు. "సూది వేయించుకుంటా. రెండు గంటలు నొప్పి తెలియదట."

"నొప్పి తెలియకపోవడం వేరు, చెయ్యి లేవడం వేరండీ."

"అవును, నీకు అన్నీ తెలుసు. ఈ మధ్య నాకంటే ఎక్కువే తెలుసు" అన్నాడాయన. ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఏనాడూ ఆయనకంటే తెలుసని అనుకున్న పాపాన పోలేదు. అయినా కళ్ళు తుడుచుకుని ఆయన పేరు మీదే దరఖాస్తు కాగితాలు నింపింది. ఆయన మొహం పక్కకి తిప్పుకునే సంతకం పెట్టాడు.

అసెసరు వచ్చిన రోజు పొద్దున్నే మేస్త్రి సూది వేయించుకున్నాడు. ఆ వచ్చినాయన పెద్దవాడు. ముప్ఫయ్యేళ్ళు బల్లలెక్కి దిగిన ప్లాస్టరింగు మేస్త్రే, వేళ్ళు చూస్తేనే తెలుస్తుంది. మర్యాదగా నమస్కారం పెట్టి, "పరదా లేకుండా చూసే అదృష్టం నాకే దక్కిందన్నమాట" అన్నాడు నవ్వుతూ. సూపర్‌వైజరు కూడా నవ్వాడు. నవ్వనిది ఆమె ఒక్కతే.

గోడ కింది భాగం చక్కగా సాగింది. గోడకి నీళ్ళు కొట్టడం, మాలు పలచన చూసుకోవడం, బద్ద పెట్టి మట్టం సరిచేయడం... ఆ పనుల్లో ఆయనకి ఎదురు లేదు. అసెసరు తల ఊపుతూ రాసుకున్నాడు. ఆ తర్వాత మేస్త్రి బల్ల ఎక్కాడు. తాపీ ఛాతీ దాకా లేచింది. ఇంకొంచెం... పళ్ళు బిగించాడు. చెయ్యి లేవలేదు. మాలు జారి కింద పడింది.

అసెసరు పక్క గదిలోకి వెళ్ళి, కిందటి వారం పూర్తయిన గోడకి చేతి దీపం ఆనించి, అడ్డంగా వెలుగు పడేలా చూశాడు. తిరిగొచ్చేసరికి ఆయన మొహంలో నవ్వు లేదు.

"మేస్త్రీ, తాపీ తిరిగిన వంపులన్నీ ఎడమచేతివి. మీరు కుడిచేత్తో పట్టారు. ఆ గోడ ఎవరిది?"

 అప్పుడు ఆమె చేసింది పొరపాటే. ప్రేమతో చేసినా పొరపాటు పొరపాటే. "ఆయన రెండు చేతులతోనూ చేస్తారండీ" అనేసింది.

"అలాగా? అయితే ఎడమచేత్తో కానివ్వండి, చూస్తాను."

మేస్త్రి భార్య వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది, లేదు. తాపీ ఎడమచేతికి మార్చుకుని మాలు ఎత్తాడు. కొత్తగా పని నేర్చుకునేవాడిలా చెయ్యి ఎటో పోయింది. మాలు ముద్దముద్దగా గోడ మీద నిలవకుండా ఆయన చొక్కా మీదే రాలింది. సూపర్‌వైజరు తల తిప్పుకున్నాడు. ఇరవయ్యారేళ్ళ మేస్త్రి అందరి ముందూ అలా నిలబడిపోతే, తన నోటితోనే ఆయన్ని అక్కడికి తోశానని ఆమె గుండె పగిలిపోయింది!

"వేరేవాళ్ళ పని మీదిగా చూపించారు. నేనిది రాయక తప్పదు" అన్నాడు అసెసరు.

మేస్త్రి గోడ వైపు చూశాడు. కింది సగం ఆరడం మొదలైంది. ఇంకాసేపు ఆగితే పై పూత, కింది పూత కలవవు, మధ్యలో అతుకు జన్మంతా కనబడుతుంది. ఆయన బల్ల దిగాడు. తాపీ గుడ్డతో తుడిచి భార్య ఎడమచేతిలో పెట్టాడు.

"ఎక్కు. గోడ ఆరిపోతోంది."

"వద్దండీ... ఇంతమంది ముందు..."

"నా పరువు ఎలాగూ పోయింది. గోడ ఎందుకు పాడవ్వాలి? ఎక్కు." తర్వాత అసెసరు వైపు తిరిగాడు. "ఆ గోడలన్నీ దీనివేనండి. నాలుగేళ్ళ నుంచి. ఇది ఎప్పుడూ తనవని చెప్పుకోలేదు, నేనే నావని చెప్పుకున్నాను."

కన్నీళ్ళు చెంపల మీద కారుతూనే ఉన్నాయి, ఆమె చెయ్యి మాత్రం తడబడలేదు. ఆయన కింద నుంచి మాలు అందించాడు. అసెసరు రాయడం మానేసి చేతులు కట్టుకుని చూశాడు. పూర్తయ్యాక గోడ నిమిరి, "ఆయనకి ఇవాళ సర్టిఫికెట్ ఇవ్వలేనమ్మా. నువ్వు నీ పేరు మీద కాగితం పెట్టు. నీకెలా ఇవ్వాలో అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రి వెళ్ళి తల్లి మంచం దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, అది నాకు కాపలా కాయలేదే. నా బదులు పని చేసింది" అని మొత్తం చెప్పాడు.  ముసలామె కోడల్ని పిలిచి, చేతులు చాపమంది. సిమెంటు తిని పగుళ్ళు వేసిన ఆ అరచేతులు చూసి, "ఇన్నాళ్ళూ ఇవి చూడలేదేమే నేను..." అని తలగడ కింద నుంచి నూనె సీసా తీసింది. రాస్తున్నంతసేపూ ఇద్దరూ ఏడ్చారు.

మేస్త్రి మాత్రం వారం రోజులు ముభావంగా ఉన్నాడు. అడిగితే జవాబు, లేకపోతే మౌనం. భార్య పేరు మీద కాగితం వెళ్ళింది. అసెసరు రెండుసార్లు వచ్చి పని చూశాడు, ఫొటోలు తీసుకున్నాడు, సూపర్‌వైజరు చేత ఉత్తరం రాయించుకున్నాడు. మిగిలింది ప్రశ్నలు. అక్కడే ఆమెకి చిక్కొచ్చింది. ఎలా చెయ్యాలో చేతికి తెలుసు, ఎందుకు చెయ్యాలో నోటికి రాదు. వంటింట్లో గరిటె పట్టుకుని తనలో తాను గొణుక్కుంటుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"గోడకి ముందు నీళ్ళెందుకు కొడతాం?"

తిరిగి చూసింది. ఆయన గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు.

"తడి కోసం..."

"అది సమాధానం కాదు. దాహంతో ఉన్న గోడ మాలులో నీళ్ళు తాగేస్తుంది. నీళ్ళు పోయిన పూత గట్టిపడదు, పగులుతుంది. అలా చెప్పు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. ఆ రోజు నుంచి కూర తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆయన అడుగుతూనే ఉన్నాడు. తప్పు చెబితే విసుక్కునేవాడు. ఆ విసుగు వింటే ఆమెకి ప్రాణం లేచొచ్చేది. మౌనం కంటే అదే నయం కదా...

సర్టిఫికెట్ నెలాఖరుకి వచ్చింది. ఆమె పేరు, ఆమె ఒక్కదాని పేరే ఉంది దాని మీద. అత్తగారు దాన్ని రెండుసార్లు తలకిందులుగా పట్టుకుని చూసి మురిసిపోయింది. మేస్త్రి చదివి, మడత పడకుండా జాగ్రత్తగా అట్టల మధ్య పెట్టి, ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. ఆమె ఆపలేదు. ఆయన ఏ సంతోషంతోనో, ఏ దుఃఖంతోనో వెళ్ళాడు. ఏది ఎంతో ఆమెకీ తెలియలేదు.

ఒకటో తారీకు పొద్దున ఇద్దరూ సైటు గేటు దగ్గరికి వచ్చారు. కాపలావాడు కొత్తవాడు. ఆమె చాపిన సర్టిఫికెట్ అందుకుంటూనే ఆమె భుజం మీదుగా మేస్త్రి వైపు చూశాడు.

"మేస్త్రి మీరేనా?"

ఆమె అవునని చెప్పేద్దామని నోరు తెరిచింది. ఆయన ముందే అందుకున్నాడు.

"కాదు. మేస్త్రి ఆవిడ. నేను మాలు కలిపి అందిస్తాను."

కాపలావాడు రిజిస్టరులో అలాగే రాసుకున్నాడు. ఇరవయ్యారేళ్ళలో ఆయన పేరు పక్కన మేస్త్రి అన్న మాట లేకపోవడం అదే మొదటిసారి. లోపలికి నడిచాక ఆమె ఉండబట్టలేక అడిగింది.

"అలా ఎందుకన్నారండీ? మీరూ మేస్త్రే కదా."

"మళ్ళీ అబద్ధం చెప్పమంటావా? నాలుగేళ్ళు చెప్పాం, చాలు" అన్నాడాయన.

అని, ఎడమచేత్తో తట్ట ఎత్తుకుని ముందు నడిచాడు. నాలుగడుగులు వేశాక ఆగి, పార అందుకుంటున్నట్టు వంగి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె చూసింది. చూడనట్టే ఆయన పక్క నుంచి వెళ్ళి, బల్ల ఎక్కి, మాలు కోసం చెయ్యి చాపింది.