రెసిన్ పడని అభినయ

"ఇవి గ్లవ్సా, పుట్టినరోజు బెలూన్లా?"

కౌంటర్ మీద డబ్బా టప్పున పడింది. నవనీత్ తలెత్తి చూశాడు. ఎదురుగా ఆ అమ్మాయే. రెండు చేతులూ దుపట్టాలో దాచుకుని, కళ్ళతోనే కొట్టేటట్టు నిలబడింది.

పాండిచ్చేరి బజారులో నవనీత్ వాళ్ళ హార్డ్‌వేర్ అంగడికి అభినయ తరచుగా వచ్చేది. విల్లియనూర్లో ఆమెకు సొంత వర్క్‌షాప్ ఉంది. చెక్క పలకల నడుమ నీలం రెసిన్, అంటే పోశాక గాజులా గట్టిపడే జిగురు, పోసి, సముద్రపు పాయలా మెరిసే టేబుళ్ళు చేస్తుంది. పాండిలో సగం కెఫేల్లో ఉండేవి తన టేబుళ్ళేనని చెప్పుకుంటుంది. అది నిజం కాదు గానీ, ఆమె చెప్పే తీరు చూస్తే ఎవరైనా నమ్ముతారు.

"ఏంది మేడం, చిరిగినాయా?"

"చిరగలే. చేతులకి అతుక్కుని కరిగిపోయినాయి!"

"అవి బిర్యానీ పార్సిల్ కట్టేవాళ్ళు వాడే గ్లవ్స్. రెసిన్‌కని మీరు చెప్తే గదా?"

"మీరు అడిగితే గదా?"

"అడిగే టైం యాడ ఇచ్చినారు? వచ్చినారు, గ్లవ్స్ అన్నారు, ఫోన్‌లో డబ్బులు కొట్టినారు, పోయినారు. మొన్న ఎగ్జిబిషన్‌లో నేను చెయ్యి చాపితే షేక్‌హ్యాండ్ కూడా ఇయ్యలే. అంత పెద్ద మనుషుల్ని మేం ప్రశ్నలు అడుగుతామా?"

అభినయ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. ఏదో అనబోయింది. అప్పుడే బయట వాన మొదలైంది, దీపావళి రోజుల ఐప్పసి నెల వాన, చెప్పాపెట్టకుండా. వీధంతా క్షణంలో తెల్లగా మసకబారిపోయింది. స్కూటీ వైపు రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చింది.

గొడవ మధ్యలోనే ఆగిపోయింది. నవనీత్ పక్క కొట్టు నుంచి టీ తెప్పించాడు. తీసుకోనంటే బాగుండదని అభినయ చెయ్యి చాపింది. గ్లాసు తగలగానే "స్స్" అని వదిలేసింది. టీ అంతా కౌంటర్ మీద ఒలికింది.

నవనీత్ టీ వైపు చూడలేదు. ఆమె చేతుల వైపు చూశాడు.

ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. వేళ్ళ సందుల్లో సన్నటి పొక్కులు. కణుపుల దగ్గర చర్మం పగిలి, గీతలు పడింది.

"షేక్‌హ్యాండ్ ఇయ్యనిది పొగరుతో కాదు," అంది అభినయ మెల్లగా.

నవనీత్ గుడ్డ తీసి కౌంటర్ మీది టీ తుడిచాడు. తుడుస్తూనే అడిగాడు. "పని అయినాక చేతులు దేనితో కడుగుతావు?"

"థిన్నర్‌తో. లేకుంటే రెసిన్ పోదు."

"అయ్యయ్యో! అది పెయింట్‌నే పీకేస్తాదే, చర్మాన్ని ఊరికే వదుల్తాదా?" మాట 'నువ్వు'లోకి దిగిందని ఇద్దరూ గమనించారు. ఇద్దరూ ఊరుకున్నారు. "డాక్టర్‌కి చూపించినావా?"

"మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ ఇచ్చినారు."

"రేపు స్కిన్ డాక్టర్ దగ్గరికి పో. పోకుంటే మా అంగట్లో నీకు ఒక్క మేకు కూడా అమ్మను."

"బెదిరింపా?"

"అవును."

అభినయ నవ్వింది. వాన తగ్గినా ఇంకొంచెంసేపు కూర్చుంది.

డాక్టర్ ఆమె వీపంతా చిన్న చిన్న పట్టీలు అంటించాడు. ఒంటికి ఏది పడుతుందో ఏది పడదో తెలిసేదాకా వీపు తడపకూడదన్నాడు. పట్టీలతోనే అభినయ అంగడికొచ్చి, "దూరంగా నిలబడు, స్నానం చేయలే" అంది. "మాది థిన్నర్ వాసన కొట్టే అంగడి, ఎవరికి తెలుస్తాదిలే," అన్నాడు నవనీత్.

రిపోర్ట్ వచ్చిన రోజు మాత్రం ఆమె నవ్వలేదు.

"రెసిన్ పడదంట, అది గట్టిపడను కలిపే హార్డెనర్ కూడా పడదంట. మంచి గ్లవ్స్ వేసుకున్నా సరే, ఇంక ముట్టుకోకూడదంట. ముట్టుకునే కొద్దీ ఎక్కువైతాదంట." స్టూల్ మీద కూలబడింది. "బీచ్ రోడ్ కెఫే వాళ్ళ టేబుల్ ఒకటుంది. ఆఖరి రెసిన్ పోత మిగిలింది. అది ఇయ్యకుంటే నా పేరు పోతాది."

నవనీత్ మనసు కరిగిపోయింది. కరిగిన మనసు తొందరపడి మాట్లాడింది.

"ఎందుకీ కష్టం? వదిలేయరాదా! మా అంగట్లోనే డిజైన్ సెక్షన్ చూసుకో."

అభినయ లేచి నిలబడింది. "నీకు సిమెంట్ పడకుంటే అంగడి మూసేసి ఇంట్లో కూర్చుంటావా?"

"అది కాదు..."

"అదే! పడంది రెసిన్. పని కాదు. నాకు జాలి వద్దు నవనీత్."

వెళ్ళిపోయింది. ఆ పూటంతా నవనీత్ ఎవరు ఏమడిగినా ఒకదానికి బదులు ఇంకొకటి ఇచ్చాడు. పెయింట్ అడిగినవాళ్ళకి ఫెవికాల్ ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే విల్లియనూర్లో ఆమె వర్క్‌షాప్ ముందు బండి ఆపాడు. రెసిన్‌కి కరగని మందపాటి నైట్రైల్ గ్లవ్స్, మాస్క్, మోచేతి దాకా తొడుగులు, అన్నీ వేసుకుని వ్యోమగామిలా దిగాడు.

"ఏందీ వేషం?"

"జాలి కాదు. ఈ ఒక్క పోతకి కూలి మనిషిని. ఏం కలపాల, ఎట్ల పోయాల, నువ్వు చెప్పు. నేను చేస్తా."

అభినయ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. తూర్పున మబ్బు కడుతోంది. వాన వస్తే గాలిలో చెమ్మకి రెసిన్ తెల్లబారిపోతుంది. ఆలోచించే టైం లేదు.

"సరి. రా."

తను వాకిట్లో నిలబడి, మాస్క్ కట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. "మెల్లగా కలుపు. మజ్జిగ చిలుకుతావేంది? బుడగలు వస్తాయి!"

"ఇట్లనా?"

"ఇంకా మెల్లగా. ఊ... ఇప్పుడు నీలం వెయ్యి. చాలు, చాలు! ఇంకు ఫ్యాక్టరీ పెడతావా? చెక్క గట్టు పక్కన పోయాల. నడుమ కాదు. పాయ ఎప్పుడైనా అంచు పట్టుకునే పారుతాది."

అతను పోశాడు. ఆమె చెప్పిన చోటల్లా నీలం పారింది. ఒక మూల కొంచెం వంకర పోయింది. "ఆ వంకరే బాగుంది, వదిలేయి," అంది. వాన పడకముందే పోత పూర్తయింది.

నవనీత్ గ్లవ్స్ తీసి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. "ఇంక?"

"ఇంక రెసిన్ లేదు. పలకల నడుమ రంగు గాజు బిగిస్తా. డ్రాయింగ్ కూడా వేసినా." గొంతులో కొంచెం కూడా బెరుకు లేదు. "పాండిలో ఇంతదాకా ఎవురూ చేయలే."

"అభినయా."

"ఊ?"

"నిన్న నేను తప్పు మాట అడిగినా. పని వదిలేయమన్నా. ఈపొద్దు సరైన మాట అడగనా? నీ పని నువ్వు చేసుకో. దాంతో పాటు నన్ను కూడా చేసుకుంటావా?"

అభినయ నవ్వు ఆపుకోలేకపోయింది. "రాత్రంతా రిహార్సల్ చేసినావా?"

"దోవలో చేసినా."

"చేసుకుంటా," అంది సూటిగా. "అయితే మీ అమ్మకి నేనే చెప్తా. నా చేతుల సంగతితో సహా."

నవనీత్ తల్లి అలివేలుమంగకి అప్పటికే బజారులో ఎవరో చెప్పేశారు, ఆ పిల్లకి చర్మరోగమని. ఆదివారం భోజనానికి రమ్మని పిలిచింది గానీ ముఖంలో నవ్వు లేదు. అభినయతో వచ్చిన ఆమె తల్లి లోగనాయకి, "చేతులు కొంగులో పెట్టుకోవే" అని కూతురి చెవిలో గొణిగింది.

అభినయ రెండు చేతులూ తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. పొక్కులు మానాయి గానీ పగుళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

"చూడండత్తా. రెసిన్ పడక వచ్చింది. అంటుకునేది కాదు. మళ్ళీ అది ముట్టుకోకుంటే రాదు. పని మాత్రం నేను మానను. మీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పేయండి, నేనేమీ అనుకోను."

అలివేలుమంగ ఆ చేతుల్నే చూస్తోంది. చాలాసేపు చూసింది.

"నాకు పెండ్లయిన కొత్తల్లో సబ్బు పడలే," అంది చివరికి. "అప్పుడు అన్నీ బార్ సోపులే. ఇంటిల్లిపాది గుడ్డలూ ఉతికి ఉతికి నా చేతులు ఇంతకన్నా ఘోరంగా అయినాయి. అంటుకుంటాదని నాకు వేరే ఆకు వేసి, దూరంగా కూర్చోబెట్టినారు. ఇది అంటుకోదని చెప్పాలని నాకు తెలీలే. తెలిసినా చెప్పే ధైర్యం లేదు."

నవనీత్ ఈ మాట ఎప్పుడూ వినలేదు.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. పెరుగన్నం గిన్నెతో తిరిగొచ్చింది. "మిరపకాయ తగిల్తే పగుళ్ళు మండుతాయి. నీకు కారం వద్దు," అంటూ పక్కన కూర్చుని, అన్నం మెత్తగా పిసికి, ముద్ద చేసి, అభినయ అరచేతిలో పెట్టింది. పెట్టాక ఆ చేతిని వెంటనే వదల్లేదు.

"నాకో ముద్దమ్మా," అన్నాడు నవనీత్.

"నీ చేతులు బాగానే ఉన్నాయి గదా. కలుపుకుని తిను."

లోగనాయకి పకపకా నవ్వింది. అభినయ కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు. చేతిలో ముద్ద ఉంది మరి.