తిప్పేసిన సాయంత్రాలు

"చోటు చాలదు, అమ్మగారూ. ఉదయపు మజిలీ వేయలేకపోతున్నాను," అంది ఇంటియంత్రం.

సత్యవేణి పొయ్యి మీది పాలగిన్నె మీద ఒక కన్ను, గోడ మీది పలక మీద ఒక కన్ను వేసి నిలబడింది. లేచిన దగ్గర్నుంచీ యంత్రానిది ఇదే పాట. నిన్న సత్యవేణి పాత సినిమాలన్నీ తీసేసింది. మొన్న, మొగుడు దాచుకున్న క్రికెట్ ఆటల్ని ఆయనకు చెప్పకుండానే తీసేసింది. అయినా పలక మీది ఎర్రపట్టీ పిసరంత కూడా తగ్గలేదు.

"చెత్తబుట్ట ఖాళీ చేశావా?"

"చేశాను, అమ్మగారూ."

"తాత్కాలిక ఫైళ్ళు?"

"తుడిచాను."

"మరి తీసిందంతా ఏ గంగలో కలిసింది?"

"ప్రశ్న అర్థం కాలేదు, అమ్మగారూ."

అర్థం కాదు. కరెంటు బిల్లు కట్టమని గుర్తు చేయడానికి మాత్రం దానికి ఎక్కడలేని తెలివీ పుట్టుకొస్తుంది. ఈలోగా పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

"అమ్మాయ్, మజిలీ వేశావా లేదా?" పూజగదిలోంచి అత్తగారు మాణిక్యమ్మ కేకేసింది. "ఇంకాసేపట్లో వర్జ్యం వచ్చేస్తుంది!"

"చోటు లేదండీ, అత్తయ్యగారూ!"

"చోటు లేకపోవడం ఏంటమ్మా, ఇంత కొంప పెట్టుకుని?"

ఆవిడకు డిస్కు అంటే కొట్టుగది. సర్దాలేగానీ ఎన్నైనా పడతాయి. పోనీ పాత మజిలీలు కొన్ని తీసేద్దామంటే వాటిని ముట్టుకోనివ్వదు. గృహప్రవేశం నాడు వేసినది, మనవరాలి ఓణీల నాడు వేసినది, ప్రతి ఉగాదికీ వేసినవి, అన్నీ సిద్ధాంతిగారిని అడిగి ముహూర్తం పెట్టించి వేయించినవే. మంచి ఘడియలో వేసిన మజిలీ తీసేస్తే ఇంట్లోంచి ఆ మంచి కూడా పోతుందని ఆవిడ నమ్మకం. కొత్త కాకినాడలో ప్రతి ఇంటి పెద్దావిడకూ ఇదే నమ్మకం. అందుకే మంచి ముహూర్తం ఉన్న రోజున ఊళ్ళో యంత్రాలన్నీ ఒక్కసారే మజిలీలు వేయబోయి ఒక్కసారే మూలుగుతాయి.

మజిలీ అంటే ఆ ఘడియకు ఇల్లు ఎలా ఉందో అలా దాచిపెట్టే నకలు. అది లేకుండా ఆ ఊళ్ళో ఏ ఇంటా పొద్దు మొదలవదు. ఇంట్లో అందరికీ చెవి వెనక ఒక పూస ఉంటుంది. గుమ్మం లోపల చూసిందీ అన్నదీ పడ్డదీ అంతా ఆ పూసలోంచి ఇంటి డిస్కులోకి చేరుతుంది. దీపం వేళకు ఇంట్లో గొడవ ఉంటే లక్ష్మి నిలవదని పెద్దల మాట. కాబట్టి పగలు ఎవరైనా ఎవరితోనైనా పోట్లాడితే, దీపం పెట్టేలోపు ఇంటిని ఉదయపు మజిలీకి తిప్పేస్తారు. తిప్పగానే అందరి పూసల్లోంచీ ఇంట్లో గడిపిన ఆ పగటి జ్ఞాపకం జారిపోతుంది. ఏం జరిగిందని తర్వాత ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదు.

ఒక్కరి పూస మాత్రం తిరగదు. ఇంటియంత్రం తాళం ఎవరి దగ్గర ఉంటే వాళ్ళది. ఏం తిప్పారో కనీసం ఒకరికైనా తెలిసి ఉండాలి కదా. ఈ ఇంట్లో తాళం కోడలిది. తిప్పేసిన మాట నోరు జారనని పెళ్ళైన కొత్తలోనే దేవుడి ముందు ఆమె చేత ఒట్టు వేయించారు. అందరి గొడవలూ అందరూ హాయిగా మరిచిపోతారు. మింగలేక కక్కలేక మోసేది సత్యవేణి ఒక్కతే.

"నీడిల్లు ఆపేస్తే చోటు వస్తుంది కదండీ," అంది, కాఫీ అందిస్తూ.

ఆమె భర్త త్రిమూర్తులు తల ఎత్తలేదు. ఆయన పలకలోకి తొంగి చూస్తున్నాడు. యంత్రం కడుపులో అచ్చం ఇలాంటిదే ఇంకో ఇల్లు నడుస్తూ ఉంటుంది. అందులో ఈ నలుగురి నీడలూ కాపురం చేస్తుంటాయి. ఏదైనా పెద్ద పని తలపెట్టేముందు, ముందుగా నీడల చేత చేయించి చూసుకోవడం ఆయన అలవాటు. ఈ నీడిల్లు ఆయన కూతురు తపతి ఉద్యోగం కోసం మొదలుపెట్టినది. దానికి పెరగడమే తెలుసు, తగ్గడం తెలియదు. లోపల ఎంత ఖాళీ చేసినా, బయట ఒకసారి పట్టిన చోటు వదిలిపెట్టదు.

"ఇవాళ ఎలా ఆపుతానే? సాయంత్రం దీపం పెట్టగానే కేంద్రం వాళ్ళు పిలుస్తారు. అమ్మడు సమ్మతి చెప్పాలి. ఇదిగో చూడు, ఇందులో దానికి అప్పుడే రెండో పదోన్నతి కూడా వచ్చేసింది!"

నడికడలి కేంద్రంలో కొలువు. సముద్రం అడుగున గదులు, ఏడేళ్ళు పైకి రాకూడదు. సమ్మతి ఇచ్చాక అది కేంద్రం డిస్కులో పడుతుంది. ఇల్లు ఎన్నిసార్లు వెనక్కి తిరిగినా అది మాత్రం తిరగదు.

"నీడ తపతికి ఏం? దాన్ని ఎంపికైన రోజు మజిలీలోంచి తీశారు. ఆ రోజు మన పిల్ల ఊరంతా తిరిగి కాజాలు పంచింది. శిక్షణకి వెళ్ళొచ్చాక వేసిన మజిలీలోంచి తీసి చూడండి ఓసారి."

"ఎందుకు? దానికి ఇష్టమేగా! ఎప్పుడైనా కాదందా?"

ఆయన నిజంగానే అడిగాడు. ఆ ముఖంలో కపటం వెతికినా దొరకదు. సత్యవేణి నాలుక చివరిదాకా వచ్చింది మాట. కాదంది. శిక్షణ నుంచి వచ్చిన వారానికే కాదంది. ఆ తర్వాతా కాదంది. ఆ నీళ్ళ కింది గదిలో ఊపిరాడక గోడలు గీరానని, అక్కడికి మళ్ళీ పంపితే చచ్చిపోతానని, మీ కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. ప్రతిసారీ మీరు అరిచారు, మీ అమ్మ గుండెలు బాదుకున్నారు, దీపం వేళకు తిప్పెయ్యమన్నారు. పిల్లలో భయం మిగిలింది, చెప్పానన్న జ్ఞాపకం పోయింది. మళ్ళీ మొదట్నుంచీ ధైర్యం కూడగట్టుకుంటోంది. మధ్యలో ఓసారి నేనే చెప్పబోతే ఆ పగలూ తిప్పించేశారు.

ఇవేవీ ఆమె అనలేదు. ఒట్టు ఒకటి, అలవాటు ఒకటి. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"అమ్మాయ్! వర్జ్యం!"

"వస్తున్నానండీ బాబూ!"

ఇక తీయడానికి తనవే మిగిలాయి. పెళ్ళికి ముందు గురువుగారి దగ్గర నేర్చుకున్న వీణ పాఠాలు, ఆయన గొంతుతో సహా, ఒక మూలన దాచుకుంది. ఈ ఇంట్లో ఆమె సొంతమని చెప్పుకోదగ్గది అదొక్కటే. పళ్ళు కొరుక్కుంటూ దాన్ని తీసేసింది.

"ఉదయపు మజిలీ పడింది, అమ్మగారూ," అంది యంత్రం, ఏదో ఘనకార్యం చేసినట్టు.

త్రిమూర్తులు ఆఫీసుకు వెళ్ళాడు. మాణిక్యమ్మ జపానికి కూర్చుంది. సత్యవేణి గిన్నెలు కడిగేసి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ పలక ముందు కుర్చీ లాక్కుంది.

"ఇవాళ నీ సంగతో నా సంగతో తేలాలి. ఏది ఎంత మింగిందో చెప్పు."

"నీడిల్లు కొంత, అమ్మగారూ. పండగ మజిలీలు బహుకొద్ది. వాటిలో మారినంత మేరే దాస్తాను. మిగిలిందంతా తిప్పేసిన సాయంత్రాలు."

"తిప్పేశాక ఇంకా ఎక్కడివి?"

"తిప్పినవి పోవు. తిప్పడం పొరపాటని మీరు తర్వాత అనుకోవచ్చు. అందుకని పక్కన పెడతాను."

సత్యవేణికి ఒళ్ళు మండిపోయింది. "పక్కన పెట్టమని నీకెవరు చెప్పారు?"

"నా అమరికల్లో మొదటినుంచీ అలాగే ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు, అమ్మగారూ."

ఏళ్ళ తరబడి సినిమాలు, ఫొటోలు, పాటలు, చివరికి గురువుగారి గొంతు కూడా ఊడ్చి పారేసింది. ఎవరికీ అక్కర్లేదని తిప్పేసిన గొడవలు మాత్రం పదిలంగా ఉన్నాయట! ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"తుడవమంటారా? కలపమంటారా?"

"కలపడమంటే?"

"ఎవరి సాయంత్రాలు వారి పూసల్లోకి తిరిగి వెళతాయి. మజిలీలన్నీ ఒకటైపోతాయి. డిస్కు ఖాళీ అవుతుంది. ఇక వెనక్కి తిరగడానికి ఏమీ మిగలదు."

ఆమె పలక మీద నుంచి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడేమీ చెయ్యకు," అని కుర్చీలోంచి లేచిపోయింది.

మధ్యాహ్నం ఆమె కంద తరుగుతుంటే తపతి వచ్చి గట్టు మీద కూర్చుంది. కరివేపాకు రెమ్మ తీసుకుని ఆకులు ఒక్కొక్కటే తుంచడం మొదలుపెట్టింది. సత్యవేణి కత్తిపీట ఆగిపోయింది. చెప్పబోయే ప్రతిసారీ ఆ పిల్ల అలాగే కూర్చుంటుంది, అలాగే తుంచుతుంది.

"అమ్మా, నీకో మాట చెప్పనా? ఎవరికీ చెప్పలేదు."

"చెప్పు తల్లీ."

"నాకా ఉద్యోగం వద్దమ్మా. అక్కడ ఊపిరాడదు. కళ్ళు మూస్తే నీళ్ళ చప్పుడే. నాన్న వచ్చాక చెప్పేస్తాను. ఇన్నాళ్ళూ నోరు రాలేదు. నేను వట్టి పిరికిదాన్నమ్మా."

పిరికిదట! ఈ ఇంట్లో నిజం చెప్పే ధైర్యం ఉన్నది దీనికొక్కదానికే. అది దీనికే తెలియకుండా చేశాం.

"చెప్పు. గట్టిగా చెప్పు," అంది సత్యవేణి.

తపతి చెప్పింది. త్రిమూర్తులు ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చోగానే చెప్పింది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత అరిచాడు.

"ఇవాళ చెబుతావా? వాళ్ళు పిలిచే రోజున? ముందే ఏడవచ్చు కదా!"

"భయం వేసింది నాన్నా!"

"ఇన్నాళ్ళూ లేని భయం ఇవాళ ఊడిపడిందా?"

మాణిక్యమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యయ్యో, ఎవరి దిష్టి తగిలిందిరా నా మనవరాలికి! దీపం వేళైపోతోంది, ఇంట్లో ఈ ఏడుపులేంటి? అమ్మాయ్ సత్యా, తిప్పెయ్యమ్మా. తిప్పేస్తే అదే సర్దుకుంటుంది."

"అవును, తిప్పెయ్," అన్నాడు త్రిమూర్తులు, నుదురు పట్టుకుని. "ఉదయం అది బాగానే ఉంది."

తపతి తల్లి కొంగు పట్టుకుంది. "వద్దమ్మా! మళ్ళీ చెప్పలేను. ఇంత ధైర్యం నాకు మళ్ళీ రాదు!"

తిప్పితే ఏమవుతుందో సత్యవేణికి తెలుసు. దీపం పెడతారు. పిలుపు వస్తుంది. పిల్ల, లోపల ఏదో గుబులుగా ఉన్నా అదేమిటో చెప్పలేక, తండ్రి ముఖం చూసి సరేనంటుంది. ఏడేళ్ళు నీళ్ళ కింద. ఆమె కొంగు విడిపించుకుని పలక దగ్గరకు నడిచింది. వెనకాల తపతి ఏడుపు ఆగిపోయింది. అమ్మ తిప్పేస్తోందనుకుంది కాబోలు.

"ఇంటిని ఉదయపు మజిలీకి తిప్పమంటారా?" అంది యంత్రం. "ఇవాళ్టి సాయంత్రాన్ని పక్కన పెట్టడానికి చోటు చాలదు. పాత సాయంత్రాలను ముందు తుడవాలి, లేదా కలపాలి."

"తుడిచెయ్యమని చెప్పు, అడుగుతుందేంటి?" అంది మాణిక్యమ్మ, దేని గురించో తెలియకుండానే.

సత్యవేణి పలక మీద తాళం ఆనించింది. తుడిస్తే ఇల్లు చల్లగా ఉంటుంది, తన తప్పూ తనతోనే పోతుంది. కలిపితే తను ఏళ్ళ తరబడి ఏం చేసిందో అందరికీ తెలిసిపోతుంది.

"కలిపెయ్," అంది.

"తిరుగు లేదు, అమ్మగారూ. నిశ్చయమేనా?"

"ఒకసారి చెబితే వినబడదా? కలిపెయ్!"

మొదట ఏమీ జరగలేదు. తర్వాత త్రిమూర్తులు చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. మాణిక్యమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా పీట మీద కూలబడింది. తపతి నిలబడ్డచోటే నిలబడి, ఎవరో దూరం నుంచి పిలుస్తుంటే వింటున్నదానిలా తల వంచింది. ఆ గొంతు తనదే. ఇదే గదిలో, ఇదే మాట, మళ్ళీ, మళ్ళీ.

"ఇన్నిసార్లు చెప్పావా, అమ్మడూ?" అడిగాడు త్రిమూర్తులు. "నా కాళ్ళు పట్టుకున్నావు. నేను నిన్ను తోసేశాను."

పలక వెలిగింది. నడికడలి కేంద్రం నుంచి పిలుపు. తపతి ముఖం తుడుచుకుని పలక ముందుకు వెళ్ళింది.

"నేను రావడం లేదండి," అంది. "ఆలోచించుకోవడానికి గడువేమీ అక్కర్లేదండి. చాలాసార్లు ఆలోచించుకున్నాను."

పిలుపు ముగిసింది. మాణిక్యమ్మ అలవాటుగా, "సత్యా, ఇది కూడా..." అని, తిప్పడానికి ఏమీ లేదని గుర్తొచ్చి నోరు మూసుకుంది.

తపతి తల్లి వైపు తిరిగింది. మధ్యాహ్నం కరివేపాకు తుంచిన పిల్ల ముఖం కాదది.

"తాళం నీ దగ్గరే కదమ్మా ఉండేది. ప్రతిసారీ తిప్పింది నువ్వేనా?"

"నేనే."

"నేను ఏడుస్తుంటే చూస్తూ?"

"చూస్తూనే."

తపతి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. సత్యవేణి వెళ్ళి ఆ తలుపు ముందు నేల మీద కూర్చుంది. అత్తగారు దీపం గురించి ఏదో అంటున్నా తల తిప్పలేదు.

"తిట్టాలనుంటే తిట్టవే, తపతీ," అంది తలుపుకు నుదురు ఆనించి. "నీ ఇష్టమొచ్చినంతసేపు తిట్టు. ఈసారి నువ్వన్న మాట ఏదీ ఎక్కడికీ పోదు."