సగంలో ఆగిన ప్రార్థన

సన్మానానికి హాల్లో కుర్చీలు వేయించే పని నాకు అప్పగించారు. ఎడమచెయ్యి మొద్దుబారినవాడికి ఇంకేం పని ఇస్తారు? బంకరు కూలి మట్టికింద పడినప్పటినుంచి ఆ చేతికి స్పర్శ లేదు. నాకూ పెద్దగా ఏమీ అనిపించడం లేదు.

వేదిక మీద మూడు ఫోటోలు పెట్టారు. పూజారి, పాస్టరు, మౌల్వీ. మా సైనిక దళంలో మత గురువులు. తుపాకీ పట్టకుండా, గాయపడ్డవాళ్లను మోస్తూ మోస్తూ ప్రాణాలు వదిలారు. పోయేవాడి పక్కన ఎవరుంటే వాళ్లే అతని మతం ప్రార్థన చెప్పాలని, ఒకరివి ఒకరు నేర్చుకున్నారు. పూజారిగారి ఉచ్చారణ విని మౌల్వీగారు తల పట్టుకునేవారు.

పొద్దు వాలుతోంది. హాలంతా కొత్త రంగు వాసన. అందరికంటే ముందొచ్చి కూర్చున్న పాస్టరుగారి అమ్మ నన్ను పిలిచింది.

"బాబూ, మట్టికింద నీ చెయ్యి పట్టుకుని ప్రార్థన చెప్పింది మావాడేనా?"

ఆ చీకట్లో మొహం కనపడలేదు. వినిపించింది గుసగుస. చెప్పింది మా మతం ప్రార్థన. అది ముగ్గురికీ వచ్చు.

"తెలీదమ్మా."

"పూర్తిగా చెప్పాడా?"

"లేదమ్మా. మిగిలింది తర్వాత చెప్తానన్నారు. అంతలో నన్ను బయటికి లాగేశారు."

ఆవిడ మొహం వాడిపోయింది. వెనకాలే ఉన్న మా దళం ఆఫీసరు నన్ను పక్కకి తీసుకెళ్లాడు.

"అవునని చెప్పెయ్యవయ్యా, ఏం పోయింది? ఎటూ వాళ్లెవరూ కాదు. నిన్ను లోపల పడుకోబెట్టి, ఇంకొకడి కోసం బయటికెళ్లారు. బంకరు కూలకముందే ముగ్గురూ పోయారు."

భయపడాల్సిన మాటే. నాకు ఏమీ అనిపించలేదు. వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"మీవాడేనమ్మా."

ఆవిడ నా కుడిచెయ్యి కళ్లకి అద్దుకుని ఏడ్చింది. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. రంగు వాసన పోయి... తడిమట్టి వాసన.

ఎడమచేతికి చల్లగా తగిలింది. ఇన్నాళ్లూ సూది గుచ్చినా తెలియని చెయ్యి. వేళ్లు... ఒక్కొక్కటే... నా వేళ్ల మధ్యకి దూరాయి. చెవి పక్కన గుసగుస. ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కణ్ణుంచే ప్రార్థన మొదలైంది.

ఆవిడ ఏడుపు ఆపేసింది. ఆవిడకీ వినిపిస్తోంది.

"బాబూ... ఇది మావాడి గొంతు కాదు."

నాకు భయమేసింది. ఇన్నాళ్లకి మొదటిసారి.

లైట్లు వెలిగాయి. గుసగుస ఆగింది. నా ఎడమపక్క కుర్చీ ఖాళీ. జనం వచ్చారు, పతకాలు ఇచ్చారు, అందరితోపాటు నేనూ లేచి నిలబడ్డాను.

ప్రార్థనలో ఇంక చివరి మాట ఒక్కటే మిగిలింది. చెయ్యి మాత్రం ఇంకా వదల్లేదు.