గోడ మీది పెరుగు

అంగారకుడి మీద పెరుగు పుల్లబడదు. కుజవాడలో కాపురముంటున్న నాలుగువందల పన్నెండు మందికీ తెల్లారేసరికి గోడలోని అరలోకి ఒక్కో డబ్బా వచ్చి కూర్చుంటుంది. అందులో తెల్లగా, నున్నగా, చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా పెరుగు ఉంటుంది. సోమవారం ఎలా ఉందో శనివారమూ అలాగే ఉంటుంది. అక్కడ ఎండాకాలం లేదు, ముసురు లేదు, తోడు ఎక్కువైందని కోడల్ని సాధించే అత్తగార్లు అసలే లేరు. ఇరవై ఏళ్ళుగా ఒకటే రుచి. దాన్ని రుచి అనవచ్చా అన్నది వేరే సంగతి.

ఆ పెరుగు తయారయ్యేది డాక్టర్ హైమావతి చేతిమీదుగా. దాన్ని ఒక్కనాడూ ఇష్టంగా తినని మనిషి కూడా ఆవిడే.

హైమావతికి యాభై ఏడేళ్ళు. పుట్టింది సాలూరులో. కుజవాడ సూక్ష్మజీవుల విభాగానికి పెద్ద. పంతొమ్మిదేళ్ళ క్రితం భూమిని వదిలి వచ్చేటప్పుడు ఒక్కొక్కరికి అరకిలో సొంత సామాను తెచ్చుకోనిచ్చారు. ఫొటోలు తెచ్చుకున్నవారున్నారు, దేవుడి బొమ్మలు తెచ్చుకున్నవారున్నారు. హైమావతి ఒక స్టీలు డబ్బా తెచ్చుకుంది. అందులో మూడు చల్ల మిరపకాయలు ఉన్నాయి.

మిరపకాయలకు గాటు పెట్టి, ఉప్పేసిన పుల్ల మజ్జిగలో నానబెట్టి, పగలు ఎండబెట్టి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేస్తారు. మజ్జిగంతా కాయల్లోకి ఇంకిపోయేదాకా నాలుగైదు రోజులు ఇదే పని. హైమ విశాఖలో, ఆ తర్వాత బెంగళూరులో చదువుకున్నన్నాళ్ళూ ఆమె తల్లి నూకరత్నం ఏటా ఒక సీసాడు పంపేది. హైమ అన్నీ వేయించుకు తినేసినా, మూడు వేర్వేరు సంవత్సరాల్లో ఒక్కో కాయ దాచి, తొడిమకు సంవత్సరం రాసిన చీటీ కట్టింది. అప్పటికే ఆ పిల్లకు సైన్సు పిచ్చి.

ఎందుకు దాచిందో ఆనాడు ఆమెకూ తెలియదు. తల్లి పోయాక తెలిసింది. నూకరత్నం తోడేసిన పెరుగు తిన్న నాలుక మరి దేనికీ లొంగలేదు. పులుపు ముందు వచ్చేది కాదు. మొదట కమ్మగా ఉండి, మింగబోయే ముందు చిన్నగా పులుపు తగిలేది. ఆ చివరి పులుపు కోసం హైమ మనసు పీకేది. ఇలాంటి విషయానికి ఏడవడం నామోషీ అనుకుని ఎవరికీ చెప్పుకోలేదు.

పెరుగులో ఉండేది ఒక జీవి కాదు, ఒక ఊరు. అందులో వందల రకాల సూక్ష్మజీవులు కలిసి బతుకుతాయి. ఒకటి పాలను పులియబెడితే మరొకటి కమ్మదనం ఇస్తుంది, ఇంకొకటి జిగురు పడుతుంది. రోజూ చెంచాడు తోడుతో ఆ ఊరు ఊరంతా కొత్త పాలలోకి తరలిపోతుంది. ఏ ఇంటి ఊరు ఆ ఇంటిదే. అందుకే పక్కింటి పెరుగు మన పెరుగులా ఉండదు. హైమ అలాగే నమ్మింది.

ఆ ఊరిని మళ్ళీ నిలబెట్టడానికి ఆమె పదకొండేళ్ళు పని చేసి ఒక యంత్రాన్ని తయారు చేసింది. దాని పేరు పునర్జీవని. కాయల్లో ఇంకి ఎండిన మజ్జిగ చారలో సూక్ష్మజీవులు చచ్చిపోయి ఉంటాయి, కానీ వాటి వారసత్వపు పోగు, అంటే డి.ఎన్.ఎ., ముక్కలు ముక్కలుగా మిగిలి ఉంటుంది. యంత్రం ఆ ముక్కల్ని చదివి, వరసలో పేర్చి, కుట్టి, ఖాళీ జీవకణాల్లోకి ఎక్కిస్తుంది. చచ్చిన ఊరు లేచి కూర్చుంటుంది. అయితే చదవాలంటే నమూనాని పొడి చేయాలి. పొడి చేశాక మిరపకాయ మిగలదు.

ఇంకో చిక్కు ఉంది. కుజవాడ మూతపెట్టిన ఊరు, అందరూ పీల్చేది ఒకటే గాలి. బయటి సూక్ష్మజీవుల్ని ప్రాణంతో లోపలికి రానివ్వాలంటే రక్షణ సంఘం అనుమతి కావాలి, అదీ ఏడాదికి ఒక్క సూక్ష్మజీవుల గుంపుకే. వచ్చే ఏడు చూసుకుందాం అనుకోవడానికి హైమకు వ్యవధి లేదు. ఈ గ్రహం మీద బరువు తక్కువ కావడంతో ఒంట్లో నీరు తలకు ఎక్కుతుంది, ముక్కు ఎప్పుడూ జలుబు చేసినట్టు ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ వాసన తెలిపే నరాలు చచ్చుబడతాయి. ఆమెకు ఇక ఏడాదికి మించి వాసనా రుచీ తెలియవని డాక్టరు తేల్చేశాడు. ఈసారి అనుమతి రాకపోతే, అమ్మ పెరుగు ముందుకొచ్చినా అది సున్నపు నీళ్ళతో సమానం.

ఆ ఏడాది అనుమతి కోసం రెండు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి హైమావతిది. రెండోది పాల విభాగం ఇంజనీరు సింహాద్రిది.

సింహాద్రిదీ సాలూరే. మామూలు సాలూరు కాదు, పక్కిల్లే. ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒకటే గోడ. హైమకు పదకొండేళ్ళప్పుడు సింహాద్రి తల్లి పారమ్మ ఏదో పెళ్ళికని నూకరత్నం దగ్గర ఇత్తడి గంగాళం తీసుకుంది. తిరిగొచ్చేసరికి దానికి సొట్ట ఉంది. సొట్ట పెళ్ళిలో పడిందని వీళ్ళు, ఇచ్చేటప్పుడే ఉందని వాళ్ళు. మాటా మాటా పెరిగి, వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. ఆనాటి నుంచి రెండిళ్ళూ ఉప్పూ నిప్పూ. "ఆ గడప తొక్కితే నా మీద ఒట్టే" అని ఇద్దరు తల్లులూ పిల్లల చేత ఒట్టేయించుకున్నారు. హైమ ఎడ్లబండి బొమ్మ గీయడం నేర్చుకున్నది సింహాద్రి దగ్గర, ఈత నేర్చుకున్నది సింహాద్రి దగ్గర. అన్నీ ఆ ఒక్క పూటతో ఆగిపోయాయి.

నూకరత్నం పోయిననాడు సింహాద్రి వీధి మలుపుదాకా వచ్చి నిలబడ్డాడు. హైమ చూసి మొహం తిప్పుకుంది. మూడు నెలలకు పారమ్మ పోయింది. ఆమె చేతి అరిసెలు గుర్తొచ్చి హైమ గుమ్మందాకా వెళ్ళింది, కానీ చచ్చిపోయిన తల్లికిచ్చిన మాట తప్పలేక తలుపేసుకుని కూర్చుంది.

హైమ కుజవాడ వచ్చిన ఆరేళ్ళకు సింహాద్రి కూడా వచ్చాడు. పాలు చేసేది అతను, తోడు వేసేది ఆమె. రెండు గదుల మధ్య ఒక అద్దం గోడ, అందులో గిన్నెలు అందించుకునే చిన్న కిటికీ. ఇద్దరూ పదమూడేళ్ళుగా ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు. మధ్యవర్తిత్వం చేసేది 'ఆరా'. అది ఊరి లెక్కలన్నీ చూసే గణనయంత్రం.

"ఆరా, ఇవాళ పాలు రెండు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నాయని పాల విభాగం వారితో చెప్పు."

"వారు అద్దం అవతలే ఉన్నారండీ. మీ మాట వారికి వినబడింది."

"అయినా చెప్పు."

ఆరా చెప్పింది. అవతలి నుంచి, "పెరుగు విభాగం వోరికి తొందరెక్కువని చెప్పు. సల్లారేదాకా ఆగాలి కదేటి," అని వినబడింది. ఆరా అదీ చెప్పింది. యంత్రం కాబట్టి విసుక్కోలేదు.

సింహాద్రి దరఖాస్తులో మూడు గుడ్డపీలికలు ఉన్నాయి. దూరం వెళ్ళేవాళ్ళకు పాత పంచె ముక్కని పెరుగులో ముంచి ఆరబెట్టి ఇవ్వడం పారమ్మకు అలవాటు. వెళ్ళినచోట గోరువెచ్చని పాలలో ఆ గుడ్డ వేస్తే తోడుకుంటుంది. కొడుకు చదువుకు వెళ్ళినప్పుడు ఒకటి, ఉద్యోగానికి ఒకటి, రోదసి శిక్షణకు ఒకటి ఇచ్చింది. అతను ఒక్కోదాంట్లో ఒక్కో కొస దాచుకున్నాడు. దరఖాస్తు చివర ఒక్క వాక్యం రాశాడు: "మా అమ్మ పెరుగు మళ్ళీ ఒక్కసారి తినాలని ఉంది." అది చదివి హైమకు ఒళ్ళు మండింది. ఎందుకంటే తన దరఖాస్తులోనూ అదే వాక్యం ఉంది.

సంఘం అధ్యక్షురాలు ఫిలోమినా గారిది గుంటూరు. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. వాళ్ళు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. "రెండిటినీ చదివిద్దాం. ఏది ఊరికి తక్కువ ప్రమాదమైతే దాన్ని లేపుదాం. రెండోది ఇంక అంతే సంగతులు. ఒప్పుకుంటారా?"

ఇద్దరూ తలూపారు. ఆ మధ్యాహ్నం హైమ మూడు మిరపకాయల్నీ తన చేత్తోనే యంత్రంలో వేసింది. వేసే ముందు ఒక కాయను ముక్కుకు ఆనించుకుంది. ఏ వాసనా రాలేదు. అయినా మీట నొక్కింది.

నాలుగు రోజుల తర్వాత ముగ్గురూ కూర్చుని ఉండగా ఆరా ఫలితం చెప్పింది.

"ప్రమాదం విషయంలో రెండిటికీ తేడా లేదు. ఎందుకంటే రెండూ ఒకటే పెరుగు."

"అదెలా కుదురుతుంది?" అంది హైమ. "నమూనాలు కలిసిపోయి ఉంటాయి. మళ్ళీ చూడు."

"మూడుసార్లు చూశాను. వేర్వేరు పెట్టెల్లో పొడి చేశాను. పరీక్షలో కాపీ కొట్టినవాడు పక్కవాడి తప్పుల్ని కూడా కాపీ కొడతాడు, మాస్టారు పట్టుకునేది ఆ తప్పులతోనే. సూక్ష్మజీవులు తమ డి.ఎన్.ఎ.ని నకలు తీసుకునేటప్పుడు అప్పుడప్పుడు తప్పులు దొర్లుతాయి. మొదటి గుడ్డలో ఉన్న తప్పు రెండేళ్ళ తర్వాతి మిరపకాయలో ఉంది. ఆ మిరపకాయలో కొత్తగా దొర్లిన తప్పు తర్వాతి గుడ్డలో కనబడింది. అది మళ్ళీ మిరపకాయలోకి, చివరికి మళ్ళీ గుడ్డలోకి వచ్చింది. పదమూడేళ్ళలో ఈ తోడు కనీసం నాలుగుసార్లు గోడ దాటింది. ఇంకా ఎక్కువసార్లే దాటి ఉండాలి, ఆ మధ్యవి మన దగ్గర లేవు."

"ఏ సంవత్సరాలవి?" ఫిలోమినా గారు అడిగింది.

"అన్నిటికంటే పాతది రెండువేల యాభై తొమ్మిదిది."

గంగాళం గొడవ యాభై రెండులో జరిగింది. హైమ వేళ్ళమీద లెక్కపెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టుకుంది. అప్పుడు సింహాద్రి నేల చూపులు మాని ఆమె వంక చూశాడు. ఆరా వంక కాదు.

"హైమా. మీ ఇంట్లో పిల్లుండేదేటి?"

నలభై ఆరేళ్ళలో అతను ఆమెతో అన్న మొదటి మాట అది. హైమకు సాలూరు గోడ గుర్తొచ్చింది.

సాయంత్రం దీపం పెట్టకముందు నూకరత్నం కొబ్బరిచిప్పలో పెరుగు పోసి గోడమీద పెట్టేది. రోజూ కాదు, అప్పుడప్పుడు. దీపాలు పెట్టాక పెరుగు బయటికి ఇవ్వకూడదు, అందుకని హడావిడి పడేది. ఎందుకమ్మా అంటే, పిల్లికే, అనేది. కొన్నిసార్లు గోడమీద ముందే ఇంకో చిప్ప ఉండేది. దాన్ని లోపలికి పట్టుకుపోయేది. పిల్లి తాగగా మిగిలింది పారబోయాలి కదే, అనేది.

"లేదు," అంది హైమ. "మీ పిల్లి అనుకున్నాం మేము."

"మాకూ లేదు. మీదే అనుకున్నాం."

అతను లేచి వెళ్ళిపోయాడు. ఫిలోమినా గారు కళ్ళజోడు తుడుచుకుంటూ రెండు దరఖాస్తుల మీదా ఒకే అనుమతి ముద్ర వేసింది.

వారం తిరిగేసరికి పునర్జీవని నుంచి మొదటి చెంచాడు తోడు వచ్చింది. సింహాద్రి పంపిన పాలు ఆవేళ సరిగ్గా గోరువెచ్చగా ఉన్నాయి. మర్నాడు పొద్దున్న హైమ గిన్నె మూత తీసి, కళ్ళు మూసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. మొదట ఏమీ తెలియలేదు. ఆ తర్వాత కమ్మగా తగిలింది. మింగబోయే ముందు, చిన్నగా, పులుపు.

హైమ చిన్నపిల్లలా ఏడ్చింది. ఇది అమ్మ పెరుగే. కానీ ఇందులో సగం పారమ్మ. అమ్మ పోయినప్పటి నుంచీ తను తపించింది ఆ ఇద్దరి చేతికీ కలిపి. మాకు ఒట్లు పెట్టి, మీరు మాత్రం పెరుగు పంచుకున్నారా అమ్మా? ఒక్కమాట చెప్పి ఉంటే ఆవేళ మలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి లోపలికి పిలిచి ఉండేదాన్ని కదా? చెప్పేవాళ్ళు ఇద్దరూ లేరు. వీధంతా చూస్తుండగా తెగిన మాటను వీధి చూస్తుండగా కలుపుకోవడం వాళ్ళకు చాతకాలేదు. పరువు గోడకు అటూ ఇటూ నిలబడింది, ఆకలి గోడెక్కింది.

అద్దం అవతల సింహాద్రి వీపు కనబడుతోంది. వెళ్ళి పలకరించాలని హైమ రెండుసార్లు లేచింది. అన్నా అని పిలవాలో, సింహాద్రి గారూ అనాలో తెలియలేదు. ఇన్నేళ్ళ మౌనాన్ని ఏ మాటతో మొదలుపెట్టి విప్పాలో అంతకన్నా తెలియలేదు. రెండుసార్లూ కూర్చుండిపోయింది.

సాయంత్రం కుజవాడ దీపాలు రంగు మారబోయే ముందు, ఒక చిన్న గిన్నెలో పెరుగు పోసి కిటికీ గట్టుమీద పెట్టింది.

"ఈ గిన్నె ఎవరికండీ?" అడిగింది ఆరా.

"పిల్లికి."

"ఈ గ్రహం మీద పిల్లులు లేవండీ."

"నీకు తెలియదు. అలాగే రాసుకో."

పొద్దున్నకి గిన్నె కడిగి ఉంది. ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగి పంపకూడదు కాబట్టి, అందులో గోరువెచ్చని పాలు ఉన్నాయి. అద్దం అవతలి మనిషి అటు తిరిగి ఏదో మీటను తెగ తుడుస్తున్నాడు. హైమ అంతకంటే శ్రద్ధగా ఇటు తిరిగి పాలకు తోడు వేసింది.

మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. ఊళ్ళోని ప్రాణులన్నిటినీ లెక్కగట్టడం ఆరా విధి. అది తన దగ్గరున్న ఆధారాలన్నీ తూచి చూసి, నెలాఖరున కుజవాడ జీవుల పట్టికలో ఒక కొత్త వరస చేర్చింది.

పిల్లి: ఒకటి. చూసినవారు లేరు. పెరుగు మాత్రం రోజూ అయిపోతోంది.