బిడ్డకు దాచిన మందు

తార్నాకలోని ఆ ఇంట్లో పొద్దున రోజూలాగే మొదలైంది. ఎంకన్న పాలప్యాకెట్లు తెచ్చి గట్టు మీద పెట్టాడు. యూనివర్సిటీ ల్యాబుకు పోయే తొందరలో ఉన్న ఆయన కూతురు రజిని తాలింపు కోసం మినప్పప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది. చేతికి ప్లాస్టిక్ కవరు తగిలింది. విప్పి చూస్తే, వాళ్లమ్మ రాములవ్వ వేసుకోవలసిన మాత్రలు!

కీమో అయిపోయాక, అండాశయపు క్యాన్సర్ మళ్లీ తలెత్తకుండా డాక్టరమ్మ రాసిన మందు అది. రెండు పూటలా తప్పకూడదు. పొద్దుటివి రజిని కళ్ల ముందే వేసుకుంటుంది.

"అమ్మా! ఏంది గిది? సాయంత్రం గోళీలు వేసుకుంటలేవా?"

రాములవ్వ వెల్లుల్లి ఒలుస్తూ తల ఎత్తలేదు. "పొద్దుటివి వేసుకుంటున్న గద."

"సగం మందేస్తే సగం రోగం పోతదా? నిన్ను బతికించుకోనీకి మేం కిందమీద పడుతుంటే, నువ్వు పప్పుల దాస్తవా?"

"నీ కొరకే దాచిన" అంది రాములవ్వ. "నా చెడిన జీనే నీకూ వచ్చిందంటివి. గది ఉన్నోళ్లకే ఈ మందు పనిచేస్తదని డాక్టరమ్మ చెప్పె. రేపు నీకు రోగమొస్తే?"

క్యాంపస్ హాస్టల్ మెస్సులో ఏళ్ల తరబడి వండిన మనిషి రాములవ్వ. ఆలస్యంగా వచ్చే పిల్లలకు అన్నం, కూర తీసి మూతపెట్టాకే తాను తినేది. ఇప్పుడు మందునూ అట్లాగే తీసిపెట్టింది.

తన జీన్ పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు, భయం బయటపడుతుందని, "నాకూ అదే ఉన్నదమ్మా" అని ఒక్క ముక్క చెప్పి రజిని ల్యాబుకు వెళ్లిపోయింది. ఆ ఒక్క ముక్కతోనే అమ్మ ఇన్నాళ్లూ కుమిలిపోయింది.

రజిని ఆమె పక్కనే కింద కూర్చుంది.

"అమ్మా, ఇక్కడికెల్లి సికింద్రాబాద్ పోనీకి మెట్టుగూడ తొవ్వ బందైతే ఏం జేస్తవ్?"

"మల్కాజ్‌గిరి దిక్కు తిరిగిపోత."

"ఒంట్ల కణాలు గూడ గంతే. దెబ్బ తగిలితే బాగుచేసుకోనీకి ఒకటి కాకుంటే ఇంకో తొవ్వ ఉంటది. నీ క్యాన్సర్ కణాలకు ఒక తొవ్వ పూరాగ బంద్. గీ గోళీ రెండోదాన్ని మూస్తది. ఇగ అవి చస్తయి."

"మరి నీకు?"

"ఆ జీన్ మనిషికి రెండుంటయి. నీ దిక్కెల్లి వచ్చింది చెడింది. నాయిన దిక్కెల్లి వచ్చింది మంచిగున్నది. నా తొవ్వ తెరిచే ఉన్నది. క్యాన్సరే లేని నాకు గీ గోళీ ఎందుకు? టైముకు పరీక్షలు చేయించుకుంట. ముందుజాగ్రత్త ఏమన్న కావాల్నంటే డాక్టరమ్మ చెప్తది."

"చూసినవా, నాది మంచిగున్నదట!" అన్నాడు ఎంకన్న.

"ఆఁ, జన్మల గదొక్కటే మంచిగ జేసినవ్" అంది రాములవ్వ. నవ్వబోయిన ఆమె ముఖం మధ్యలోనే చెదిరిపోయింది. "నేనే నీకు అంటగట్టిన గద బిడ్డా..."

రజిని ఆమె చేతులు పట్టుకుంది. వెల్లుల్లి వాసన. "నువ్వు కావాల్నని ఇచ్చినవా? నాకు ఏమన్న దాచిపెట్టాల్ననుంటే, నిన్ను నువ్వు దాచిపెట్టు. నా పరీక్షలకు తోడెవరొస్తరు మరి?"

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే బాగానే కోప్పడింది. తప్పినవన్నీ ఒక్కసారి మింగొద్దని, సాయంత్రం నుంచి మామూలుగా మొదలుపెట్టమని, ఈ వారంలోనే రక్తపరీక్షకు రమ్మని చెప్పింది.

దీపాల వేళకు రజిని ల్యాబు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే రాములవ్వ నీళ్లగ్లాసుతో ఎదురొచ్చింది. మాత్ర వేసుకుని, గుటకేసి, చిన్నపిల్లలా నోరు బార్లా తెరిచి చూపించింది.

"చూస్కో తల్లీ, దాచలే."

రజిని నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కొంగు అమ్మది.